పదకొండు నుంచి పదిహేడు దాకా

ప్యన్ డాక్టరమ్మ గెలిచిన తగువును ఓక్‌బున్ కళ్ళారా చూసింది. చూడ్డానికి వెళ్ళలేదు, తుడవడానికి వెళ్ళింది. పరిశోధనశాల నాలుగో అంతస్తు మీటింగు గదిలో డాక్టర్ల ఏడాది పని లెక్క చూస్తుండగా ఎవరో పెద్దమనిషి కాఫీ ఒలకబోస్తే, ఆ అంతస్తు ఊడ్చి తుడిచే మనిషి కాబట్టి ఆమెకు కబురొచ్చింది. బల్ల కింద మోకాళ్ళ మీద కూర్చుని గుడ్డ పిండుతున్న ముసలిది ఒకతి ఉందన్న సంగతి రెండు నిమిషాల్లో అందరూ మరిచిపోయారు. చదువుకున్నవాళ్ళకు ఆ గుణం ఉంటుంది. తుడిచేవాళ్ళకు చెవులుండవనుకుంటారు.

గోడ మీద తెర, తెర మీద పేర్ల వరస, ప్రతి పేరు పక్కన ఒక సంఖ్య. ప్యన్ మిరాన్ పేరు అట్టడుగున ఉంది. పక్కన పదకొండు.

విభాగం పెద్ద నమ్‌గుంగ్ గారు చేతిలోని చిన్న లైటుతో ఆ పదకొండు చుట్టూ ఎర్ర చుక్కను గిరగిరా తిప్పాడు.

"ప్యన్ డాక్టర్, మీరు ఇక్కడ చేరి ఎన్నేళ్ళయింది?"

"పందొమ్మిది."

"పందొమ్మిదేళ్ళకు పదకొండు. మన లిఫ్టు కూడా పన్నెండో అంతస్తు దాకా వెళ్తుందండీ."

అందరూ నవ్వారు. నవ్వకపోతే తమ సంఖ్యలు కూడా చదువుతాడని వాళ్ళ భయం.

ప్యన్ డాక్టరమ్మ నవ్వు ఆగేదాకా ఊరుకుంది. తర్వాత దారిలో ఎవరినో టైమెంతని అడిగినట్టు అడిగింది. "మీ సంఖ్య ఎంత సార్?"

"ముప్పై నాలుగు."

"అందులో అన్నిటికంటే పేరు తెచ్చుకున్న పరిశోధన పేపరు రాసినవాళ్ళు ఇరవై ఆరుగురు. మీరు పద్దెనిమిదోవారు. అందులో మూడో బొమ్మలో నాలుగో గీత ఎందుకు రెండుగా చీలిందో కాస్త చెప్పండి. నా దగ్గర పని నేర్చుకునే పిల్లలు అడిగితే నాకు చెప్పడం చేతకాలేదు."

ఎర్ర చుక్క గోడ మీద ఆగిపోయింది. నమ్‌గుంగ్ గారు మంచినీళ్ళు తాగాడు. "వివరాలు ఒకసారి చూసుకోవాలి" అన్నాడు.

"చూసుకోండి సార్, తొందరేం లేదు. నా పదకొండులో ఏ గీతనైనా అడగండి, ఇక్కడే నిలబడి చెప్తాను."

బయటి ఊరి నుంచి వచ్చిన ముసలి పరీక్షకుడొకాయన దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆ ఏడు ఆమె పేరు పక్కన 'కొనసాగించవచ్చు' అని రాశారు. ఓక్‌బున్ లేవబుద్ధి కాక తుడిచిన చోటే మూడోసారి తుడిచింది.

ఓక్‌బున్‌ది కోసన్ జిల్లాలో పొగాకు పండించే పల్లె. నాలుగో తరగతితో బడి ఆగిపోయింది. అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది, అంకెలు మాత్రం గబగబా చదివేస్తుంది. అరవై దాటాక డేజాన్‌లో ఈ పనికి చేరింది. ఎవరి దగ్గరా తల వంచే రకం కాదు. 'పెద్దమ్మా, ఇక్కడ తుడువు' అన్న కుర్ర డాక్టర్లకు 'ముందు నీ చెప్పులు తుడుచుకుని రా నాయనా' అని చెప్పిన మనిషి.

అలాంటిది ప్యన్ డాక్టరమ్మతో కుదిరింది. వాసన వల్ల కుదిరింది. ఆమె గది ముందు ఎప్పుడూ పులిసిన బియ్యపు సారా వాసన వచ్చేది. గదిలో దొంగతనంగా సారా కాస్తోందేమోనని ఓక్‌బున్ మొదట్లో మురిసిపోయింది. లోపల చూస్తే వందల గాజు పళ్ళేలు, వాటి నిండా ఈస్ట్. డాక్టరమ్మ ఒక్కో పళ్ళెం మూత తీసి, పొయ్యి మీద పులుసు చూసుకునే ఇల్లాలిలా వాసన చూసేది. వాళ్ళ నాన్న ఆండాంగ్‌లో గడియారాలు బాగుచేసేవాడట. ఆ వేళ్ళే ఈమెకూ వచ్చాయి. ఒసాకాలో పెద్ద చదువు చదివి వచ్చింది. పెళ్ళి చేసుకోలేదు. చలికాలమంతా ఒకే దూది కోటు, మధ్యాహ్నం రెండు ఉడికించిన చిలగడదుంపలు, ఒక గిన్నెడు ముల్లంగి కిమ్చీ నీళ్ళు.

"పందొమ్మిదేళ్ళుగా ఏం వెతుకుతున్నారమ్మా ఇందులో?" అని ఓక్‌బున్ ఒకనాడు అడిగింది.

"తిండి దొరక్కపోతే ఈస్ట్ పెరగడం మానేసి ఊరికే కూర్చుంటుంది అక్కా. మళ్ళీ తిండి దొరికేదాకా కూర్చుంటుంది. ఆకలేస్తే తినాలని అందరికీ తెలుసు. ఆకలేసినప్పుడు ఆగాలని దీనికి ఎవరు చెప్పారు? అది వెతుకుతున్నాను."

"దొరికిందా?"

"సగం."

ఆ సంఖ్య సంగతి కూడా ఓక్‌బున్ ఆమెనే అడిగి తెలుసుకుంది. చిలగడదుంప తొక్క తీస్తూ డాక్టరమ్మ చెప్పింది. "నేనొక పేపరు రాస్తాను. దాని మీద ఆధారపడి ఇంకొకరు రాసేటప్పుడు, ఫలానా ప్యన్ ఈ మాట చెప్పింది అని నా పేరెత్తుతారు. అలా కనీసం పదకొండేసి మంది పేరెత్తిన పేపర్లు నావి పదకొండున్నాయి. అందుకని నేను పదకొండు. పన్నెండు కావాలంటే పన్నెండు పేపర్లను ఒక్కోదాన్నీ పన్నెండుమంది తలుచుకోవాలి."

"అంటే మనిషి విలువ ఊళ్ళో వాళ్ళ నోట్లో ఉందన్నమాట."

"అంతే అక్కా. కోడలి మంచితనం లాగా."

తగువు గెలిచిన మరుసటేడు కొత్త డైరెక్టర్ వచ్చాడు. వస్తూనే ఒక నియమం తెచ్చాడు. మూడేళ్ళలో పదిహేనుకు చేరనివాళ్ళకు సొంత గది ఉండదు, ఇంకొకరి గదిలో బల్ల వేసుకుని వాళ్ళ పని చెయ్యాలి. గది పోతే లోపలి సామాను పోతుంది. డాక్టరమ్మ ఫ్రీజరులో రెండు వేల మూడు వందల చిన్న గొట్టాలున్నాయి. ఒక్కోదాంట్లో ఒక్కో రకం ఈస్ట్, ఒక్కోదాని మీదా ఆమె చేతిరాత. ఆకలికి ఆగేవి, ఆగలేనివి, ఆగి మళ్ళీ లేవలేనివి. ఇరవై ఏళ్ళ పని. అవన్నీ చెత్త కాల్చే పొయ్యిలోకి పోతాయి.

ఈసారి తగువు పెట్టుకోవడానికి ఎదురుగా మనిషి లేడు. నియమంతో ఎవరు పోట్లాడగలరు? గాజు సామాను కడిగే గదిలో తొట్టి అంచు మీద కూర్చుని డాక్టరమ్మ నేల చూస్తూ ఉంటే ఓక్‌బున్‌కు ఒళ్ళు మండింది.

"ఏమిటమ్మా ఆ కూర్చోడం? మీ పేరెత్తేవాళ్ళు మీకు తెలిసినవాళ్ళే కదా. కాస్త నా పేరు కూడా రాయండయ్యా అని అడగండి. అడగందే అమ్మయినా పెట్టదు."

"అలా అడగరు అక్కా."

"ఎందుకడగరు? సిగ్గా? సిగ్గు పడితే గది నిలుస్తుందా?"

ఆ మాట అన్నందుకు ఓక్‌బున్ తర్వాత చాలాసార్లు నాలుక కరుచుకుంది. అన్నప్పుడు మాత్రం గొప్ప సలహా ఇచ్చానని చీపురు ఊపుకుంటూ వెళ్ళిపోయింది.

నాలుగు నెలలు గడిచాయి. డాక్టరమ్మ అలమారు తలుపు లోపలి వైపు పసుపు చీటీ అంటించింది. దాని మీద పన్నెండు, దాని పైన ఇంకో చీటీ మీద పాత పదకొండు. ఇంకో మూడు నెలలకు పదమూడు. ఓక్‌బున్ దుమ్ము తుడిచే నెపంతో ఆ తలుపు తీసి చూసేది. కింది అంతస్తు తుడిచే గోంగ్ వదినకు చెప్పుకునేది.

"మా డాక్టరమ్మ పదమూడు."

"ఆమె సంఖ్య పెరిగితే నీ జీతం పెరుగుతుందా?"

"నీకు కడుపుమంట. మీ అంతస్తులో అందరూ తొమ్మిదులూ పదులూ."

ఎలా పెరుగుతోందో డాక్టరమ్మే ఒకసారి నవ్వుతూ చెప్పింది. ఎవరైనా పేపరు రాసి పత్రికకు పంపితే, పత్రికవాళ్ళు దాన్ని ఆ విద్య తెలిసిన ఇద్దరు ముగ్గురికి పంపి, వెయ్యొచ్చా వద్దా అని అడుగుతారు. రాసినవాళ్ళకు ఆ పరీక్షకుల పేర్లు చెప్పరు. మొదటివారు, రెండోవారు అని అంకెలే. డాక్టరమ్మకు అలాంటి పేపర్లు ఏడాదికి ఇరవై దాకా వస్తాయి. ఇదివరకు పనెక్కువని సగం తిప్పి పంపేది. ఇప్పుడు అన్నీ ఒప్పుకుంటోంది. ఒప్పుకుని, అభిప్రాయం రాసి, చివర ఒక వాక్యం కలుపుతోంది. ఈ కింది పేపర్లను ప్రస్తావిస్తే మీ వాదన బలపడుతుంది అని. ఆ కింద తనవి నాలుగు.

"నావే అయితే అనుమానమొస్తుంది కదా. మధ్యలో వేరేవాళ్ళవి రెండు పెడతాను."

"మరి వాళ్ళు రాయకపోతే?"

"రాస్తారు అక్కా. రాయకుండా ఎలా ఉంటారు? వాళ్ళ పేపరు నా చేతిలో ఉంది కదా."

చెప్పి, ఇంకా నవ్వుతూనే ఉంది. కానీ ఆ నవ్వు ఓక్‌బున్ ముఖం వైపు రాలేదు, పక్కనున్న గోడ వైపు వెళ్ళింది.

ఓక్‌బున్‌కు పొగాకు గ్రేడు చూసే ఇన్‌స్పెక్టరు గుర్తొచ్చాడు. ఏడాదంతా పెంచి, కోసి, ఆరబెట్టి, ఆకుకు ఆకు సాపు చేసి కట్టలు కట్టి నాన్న మోసుకుపోయేవాడు. ఇన్‌స్పెక్టరు కట్టను కర్రతో కదిపి చూసి, 'మీ ఇంట్లో కోళ్ళు బాగా బలిసాయటగా' అనేవాడు. ఇమ్మని ఒక్కనాడూ అడగలేదు. మర్నాడు రెండు కోళ్ళు వాళ్ళింటికి వెళ్ళేవి, ఆకు ఒకటో గ్రేడు అయ్యేది. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకుంటారు?

ఇదీ అదేనని ఓక్‌బున్‌కు ఆ క్షణమే తెలిసింది. నోటి దాకా వచ్చింది. ఇంతా చేసి అడగమన్నది తనే కదా అనుకుని మింగేసింది. పైగా పసుపు చీటీ మీద పద్నాలుగు చూడాలని తనకూ ఉంది. ఊళ్ళో అందరి తప్పులూ మొహం మీద అనే మనిషి తన మనిషి తప్పు దగ్గరికొచ్చేసరికి మూగదైపోయింది.

పద్నాలుగు వచ్చింది. పదిహేను దాటింది. మూడో ఏడు ముగిసేసరికి పదిహేడు. గది నిలిచింది, ఫ్రీజరు నిలిచింది. అక్కడితో ఆగినా బాగుండేది. అందరికంటే వేగంగా పైకొచ్చిన పరిశోధకురాలని శుక్రవారం సభలో ఆమెకు ఫలకం ఇస్తామని డైరెక్టర్ ప్రకటించాడు. అప్పుడు లిఫ్టుతో పోల్చి వెక్కిరించిన నమ్‌గుంగ్ గారే స్వయంగా వచ్చి చెయ్యి కలిపి వెళ్ళాడు.

ఆ సోమవారం మధ్యాహ్నం లిఫ్టు దగ్గర ఒక పిల్ల దిక్కులు చూస్తూ కనిపించింది. ముప్పై ఏళ్ళుంటాయి. ఒక చేతిలో గుడ్డలో చుట్టిన పెట్టె, రెండో చేతిలో కాగితాలు.

"ప్యన్ మిరాన్ డాక్టర్ గారి గది ఎటండీ?"

"ఎవరు నువ్వు?"

"థాక్ యేజిన్ అంటారండీ. టోంగ్యాంగ్ నుంచి వచ్చాను. చిన్న కాలేజీ లెండి, మీకు తెలిసుండదు. ఆలిచిప్పల మీద పని చేస్తాను. ఇక్కడేదో సమావేశానికి వచ్చి, డాక్టర్ గారికి క్షమాపణ చెప్పుకుని పోదామని..."

క్షమాపణ అన్న మాటకు ఓక్‌బున్ చీపురు గోడకు చేర్చింది. గదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, పాకెట్ కాఫీ కలిపే పని పెట్టుకుని అక్కడే ఉండిపోయింది.

పిల్ల లేచి నిలబడి నడుం వంచి దణ్ణం పెట్టింది. పెట్టె బల్ల మీద పెట్టింది. "ఎండు నెత్తళ్ళండీ. మా అమ్మ ఏరి పంపింది, తలకాయలు లేకుండా."

"ఇవన్నీ ఎందుకమ్మా. కూర్చోండి" అంది డాక్టరమ్మ.

"కూర్చుంటే చెప్పలేనండీ." నిలబడే చెప్పింది. "పోయినేడు నా పేపరొకటి వచ్చింది. వేసవిలో సముద్రం వేడెక్కి ఆలిచిప్పలు చచ్చిపోతున్నాయి కదా, దాని గురించి. అందులో మీ పేపర్లు నాలుగు ప్రస్తావించాను. నిజం చెప్పాలంటే అప్పటికి నేను వాటిని చదవలేదు. రెండో పరీక్షకుడు పెట్టమన్నారు. మా ప్రొఫెసర్ గారు, రెండోవాళ్ళతో పెట్టుకోకు, చెప్పింది చేసెయ్, ఫిబ్రవరిలో నీ కాంట్రాక్టు పొడిగింపు ఉంది అన్నారు. పెట్టేశాను."

డాక్టరమ్మ కాఫీ కప్పు అందుకుంది కానీ తాగలేదు.

"మరేం పర్లేదు. అందరూ చేసేదే."

"అది కాదండీ. ఎక్కడో ఒకచోట ఇరికించాలి కదా, అందుకని ఒక వాక్యం రాశాను. ఆకలికి ఆగే ఆ గుణం సముద్ర జీవుల్లో కూడా ఉందని ప్యన్ గారు రుజువు చేశారు అని. తర్వాత సిగ్గేసి మీ నాలుగూ కూర్చుని చదివాను. మీరు ఆ మాట ఎక్కడా అనలేదు. ఈస్ట్ దాటి ఒక్క అడుగు కూడా ముందుకు వెయ్యలేదు మీరు. ఎంత జాగ్రత్తగా రాశారో. మూడో పేపరు చివర, ఇది వేరే జీవులకు వర్తిస్తుందో లేదో నాకు తెలియదు అని రాశారు చూడండి, అది చదివి నాకు ఏడుపొచ్చింది."

పిల్ల చేతిలోని కాగితాల్లోంచి రెండు తీసి బల్ల మీద పరిచింది.

"ఇప్పుడేమైందంటే, నా వాక్యాన్ని ఇంకో రెండు చోట్ల ఉన్నదున్నట్టు ఎత్తి రాశారు. ప్యన్ రుజువు చేశారు, ప్యన్ రుజువు చేశారు అని. మీ పేరు మీద నేను అబద్ధం పుట్టించాను, అది నడుస్తోంది. పత్రికకు రాసి దిద్దమని అడగనా? మీరు రాయమంటే రాస్తాను. ఎందుకు పెట్టావని వాళ్ళు అడుగుతారు. పరీక్షకుడు రాసిన కాగితం బయటికి తీస్తారు. వచ్చే ఏడు నన్ను ఉంచుతారో లేదో కూడా తెలియదు. కానీ ఇది నా వల్ల జరిగింది కదండీ." నవ్వబోయి మానేసింది. "ఆ రెండోవారు మీరంటే అభిమానమున్న శిష్యులెవరో అయ్యుంటారు. వాళ్ళను కూడా తప్పు పట్టలేను."

ఓక్‌బున్ చెంచా కప్పులో తిప్పడం ఆపేసింది. డాక్టరమ్మ వైపు చూసింది. ఇప్పుడు చెప్తుంది అనుకుంది. చాలా తేలిక. నేనే అనాలి. రెండే అక్షరాలు.

ప్యన్ డాక్టరమ్మ తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. తర్వాత గొంతు సవరించుకుని, చాలా మర్యాదగా, చాలా దయగా అంది.

"వద్దమ్మా. దిద్దేంత పెద్ద విషయం కాదిది. ఒక వాక్యమే కదా, కాలంతో పోతుంది. మీ పని మీరు చూసుకోండి. ఆలిచిప్పల మీద మంచి పని చేస్తున్నారు."

పిల్ల ముఖంలో బరువు దిగిపోయింది. వంగి దణ్ణం పెట్టింది. తలుపు దగ్గర మళ్ళీ పెట్టింది. బయటికి వెళ్ళి లిఫ్టు ముందు నుంచి ఇంకోసారి పెట్టింది.

తలుపు మూసుకున్నాక డాక్టరమ్మ నెత్తళ్ళ పెట్టెను చేత్తో కొంచెం దూరం జరిపింది. కాసేపాగి ఇంకొంచెం జరిపింది. బల్ల అంచు దాకా వెళ్ళింది అది.

"ఆ పిల్ల మీకు మూడుసార్లు దణ్ణం పెట్టింది" అంది ఓక్‌బున్.

"చూశాను అక్కా."

"మా నాన్న కూడా పొగాకు ఇన్‌స్పెక్టరుకు అలాగే పెట్టేవాడు. కోళ్ళు ఇచ్చి మరీ పెట్టేవాడు. ఆయనకు ముసలితనంలో ఒకే బాధ ఉండేది. కోళ్ళు పోయాయని కాదు. దణ్ణం పెట్టానే అని."

ఆ దెబ్బ తగలాలనే కొట్టింది. తగిలింది కూడా. డాక్టరమ్మ ముఖం మెడ దాకా ఎర్రబడింది. అది చూశాక ఓక్‌బున్‌కు తన మీద తనకే రోత పుట్టింది. మూడేళ్ళ కింద అనాల్సిన మాట అది. అప్పుడు అని ఉంటే మాటగా ఉండేది. ఇప్పుడు రాయి విసిరినట్టయింది.

"నన్ను కూడా అనండి" అంది ఓక్‌బున్. "అడగమన్నది నేనే. సిగ్గు పడితే గది నిలుస్తుందా అన్నది నేనే."

"మీరు అడగమన్నారు అక్కా. మెడ మీద కాలు పెట్టి అడగమనలేదు. అది నా తెలివి."

మంగళవారం డాక్టరమ్మ గది తలుపు తియ్యలేదు. బుధవారం తీసింది కానీ పళ్ళేల మూతలు తియ్యలేదు. ఓక్‌బున్ తుడవడానికి వెళితే ఇద్దరూ ఒకరి చెప్పులు ఒకరు చూసుకున్నారు. అలమారు తలుపు లోపల పసుపు చీటీలన్నీ ఉన్నాయి, పదకొండు నుంచి పదిహేడు దాకా. ఇన్నాళ్ళూ ఓక్‌బున్ అంకెలనే చూసేది. ఇప్పుడు ఒక్కో అంకె వెనక ఎక్కడెక్కడివాళ్ళో వరసగా నిలబడి వంగి దణ్ణాలు పెడుతున్నట్టు కనిపించింది. తలుపు మూసేసింది. కింది అంతస్తు గోంగ్ వదిన మెట్ల దగ్గర ఆపి, "మీ పదిహేడుకు శుక్రవారం సన్మానమటగా, నీకేం పెడుతున్నారు?" అంటే, ఎప్పుడూ మాటకు మాట అప్పగించే ఓక్‌బున్ బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది.

గురువారం కింద హాల్లో బానరు కట్టారు. దాని మీద ప్యన్ మిరాన్ పేరు ఆమె మనిషంత పొడుగు ఉంది.

తుడిచేవాళ్ళకు పని మూడు గంటలకు అయిపోతుంది. బట్టలు మార్చుకోడానికి మెట్ల కింద ఒక అర ఉంది. నిలబడితే తల తగులుతుంది. కింద కరెంటుతో వేడెక్కే చాప పరుచుకుని, నడుం వాల్చి, అప్పుడు ఇళ్ళకు పోతారు. ఆ అరలోకి డాక్టర్లెవరూ రారు. ఉందని కూడా సగం మందికి తెలియదు. ఆ గురువారం ప్యన్ డాక్టరమ్మ చెప్పులు బయట విడిచి, తల వంచుకుని లోపలికి వచ్చి, ఓక్‌బున్ పక్కన చాప మీద కూర్చుంది.

తర్వాత దూది కోటు లోపలి జేబులోంచి ఒక కవరు తీసింది. అంటించి, అంటించిన చోట సంతకానికి బదులు వాడే తన పేరు ముద్ర ఎర్రగా వేసి ఉంది.

"ఇందులో ఏముంది?" అంది ఓక్‌బున్.

"చేసినదంతా. యాభై ఎనిమిది పేపర్లు, ఏ పత్రికకు ఏమని రాశానో వరసగా. పత్రికలన్నిటికీ తెలియజెయ్యమని రాశాను. నా సంఖ్యలోంచి వాటిని తీసేసి మళ్ళీ లెక్క కట్టమన్నాను. తీసేస్తే పన్నెండు మిగులుతుంది. నిన్న నేనే కూర్చుని చూసుకున్నాను."

"ఆ పిల్ల?"

"ఆ వాక్యం ఎలా పుట్టిందో రాశాను. తప్పు ఆమెది కాదని, నన్ను తప్ప ఎవరినీ ఏమీ అడగొద్దని రాశాను. ఆమెకు వేరే ఉత్తరం రాయాలి. ఇంకా రాయలేకపోతున్నాను. అమ్మాయీ, నేనే అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోతోంది చెయ్యి."

"గది?"

"పోతుంది."

"ఆ గొట్టాలు?"

డాక్టరమ్మ, చాప అంచు దారం ఒకటి ఊడితే దాన్ని వేలికి చుట్టుకుంటూ ఉంది.

"మెయిల్ చెయ్యొచ్చుగా. మీరంతా అలాగే కదా పంపుకుంటారు" అంది ఓక్‌బున్. మాట కరుకుగా రావాలని చూసింది కానీ రాలేదు.

"మూడుసార్లు రాశాను. మూడుసార్లూ చెరిపేశాను. నా చేతిలో ఉన్నంతసేపు అది వెళ్ళదు. అందుకే కాగితం మీద రాసి ముద్ర వేశాను."

కవరును రెండు చేతులతో ఓక్‌బున్ ముందు పెట్టింది. పెద్దవాళ్ళకు ఇచ్చేటప్పుడు ఇచ్చినట్టు.

"డైరెక్టర్ గారి గది రేపు పొద్దున ఆరింటికి తాళం తీసి తుడిచేది మీరే కదా అక్కా. ఇది ఆయన బల్ల మీద పెట్టండి, పెట్టి తాళం వెయ్యండి. ఆయన ఎనిమిదిన్నరకు వస్తారు. ఈలోగా దాన్ని వెనక్కిమ్మని నేను వస్తాను. నా సంగతి నాకు తెలుసు, తప్పకుండా వస్తాను. ముద్ర సరిగా పడలేదంటాను. ఒక పేపరు పేరు తప్పు రాశానంటాను. ఏడుస్తాను కూడా. నువ్వెవరివి మా విషయాల్లో, తుడుచుకునే మనిషివి అని నోరు పారేసుకుంటానేమో కూడా. నేనేం చెప్పినా సరే, ఆ తాళం తియ్యకండి."